ఇరవై నాలుగు గంటలు సలహా ఇవ్వకూడదు

చాండ్లర్, అరిజోనా
12 జనవరి 2025

మామయ్యా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. 'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడున్నది నేనొక్కదాన్నే. క్షేమం సంగతి కింద రాస్తాను.

ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు "ఎట్లున్నవ్ బిడ్డా" అంటావు, నేను "మంచిగున్న మామయ్యా" అంటాను. ఆ తర్వాత నువ్వు కారులో ఆయిల్ మార్పించానా అని అడుగుతావు. ఆ 'మంచిగున్న' అబద్ధం. రెండేళ్ళుగా నాకు డిప్రెషన్. ఏడుపు కాదు, ఏడుపైనా బాగుండేది. ఫ్యాక్టరీకి వెళ్తాను, తెల్ల సూటు వేసుకుని కంప్యూటర్ చిప్పుల మధ్య పన్నెండు గంటలు పని చేస్తాను, ఇంటికొస్తాను. అన్నం తింటే తిన్నట్టుండదు. డాక్టర్లు మూడు రకాల మందులు మార్చారు, దేనికీ తగ్గలేదు.

నా రూమ్మేట్ స్మృతి గుర్తుందా? దానితో అష్టాచెమ్మా ఆడేదాన్ని. గ్రాండ్ కాన్యన్ వెళ్ళొచ్చాక నాలుగు గవ్వల్లో ఒకటి కనిపించలేదు. నువ్వు పోగొట్టావంటే నువ్వు పోగొట్టావని పోట్లాడుకున్నాం. తర్వాత దానికి దేశం అటు చివర మోరిస్‌విల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. గవ్వ కోసం మాటలు మానేసిన ముప్పై ఏళ్ళ ఆడవాళ్ళు ఈ దేశంలో మేమిద్దరమే అయ్యుంటాం.

ఇప్పుడు ఇక్కడి ఆస్పత్రిలో ఒక రీసెర్చ్ ట్రీట్‌మెంట్‌కి నన్ను తీసుకున్నారు. దానికి ముందు ఎనిమిది వారాలు రోజూ ధ్యానం చేయాలి. వాళ్ళిచ్చిన రికార్డింగులో ఒకామె 'నీ మోకాలిని ప్రేమగా గమనించు' అంటుంది. నా మోకాలికీ నాకూ అంత పరిచయం లేదు. పద్నాలుగేళ్ళుగా గుడి బేస్‌మెంట్‌లో శనివారం ధ్యానం క్లాసు చెప్పే మేనమామ ఉండగా నాకీ తిప్పలెందుకు? నువ్వే నేర్పించు. ముఖ్యంగా ఒక్కటి చెప్పు. కళ్ళు మూసుకున్నాక నీకేం జరుగుతుంది?

చేత్తో రాయమన్నది మా థెరపిస్టే. ఫోన్‌లో అబద్ధం సులువుగా వస్తుంది, కాగితం మీద అంత కష్టపడి అబద్ధం రాయడానికి బద్ధకం. అమ్మకి మాత్రం చెప్పకు.

నీ
శ్రీవల్లి


నోవై, మిషిగన్
20 జనవరి 2025

చిరంజీవి శ్రీవల్లికి మామయ్య జితేందర్ దీవెనలు.

నీ ఉత్తరం చదివి ముందు బాధపడ్డాను, తర్వాత గర్వపడ్డాను. మా వంశంలో ఒకరైనా ధ్యానం దారి పట్టినందుకు. ఇక్కడ ఎనిమిది అంగుళాల మంచు పడింది. మంచు తీసే స్నో బ్లోయర్ మొరాయించింది. దాన్ని పక్కనపెట్టి నీకు రాస్తున్నానంటే ఎంత ప్రేమో చూసుకో.

తెల్లవారుజామున లేవాలి. వెన్నెముక నిటారుగా ఉండాలి. శ్వాస మీద దృష్టి పెట్టాలి. ఆలోచనలు వస్తాయి, వాటిని పోనివ్వాలి. ముందురోజు రాత్రి పెరుగు తినకూడదు. కాఫీ తగ్గించు. ఆ పన్నెండు గంటల షిఫ్టు మార్పించుకో. తలకు నువ్వుల నూనె రాసుకో. కారు టైర్లలో గాలి చూసుకో, ఎండ దేశంలో గాలి త్వరగా పెరుగుతుంది.

కళ్ళు మూసుకుంటే ఏం జరుగుతుందని అడిగావు. అది మాటల్లో చెప్పేది కాదు. చేస్తూ పో, నీకే తెలుస్తుంది.

నిష్ఠగా ఆరు నెలలు చేస్తే ఇక ఆ ట్రీట్‌మెంటు అవసరమే ఉండదు. మా క్లాసుకి వచ్చే బ్రహ్మయ్యగారికి బీపీ తగ్గిపోయింది. మీ అత్తయ్య మాత్రం ఇదంతా ఒంటరితనమేనని తేల్చేసి, చాండ్లర్‌లోనే ఉన్న శ్రీహర్ష అనే అబ్బాయి బయోడేటా ఇందులో పెట్టింది. నేను వద్దన్నాను. వింటుందా!

మీ అమ్మకు చెప్పను. నా చెల్లెలి దగ్గర దాచడం నాకిదే మొదటిసారి, గుర్తుపెట్టుకో.

ఆశీస్సులతో
మామయ్య


చాండ్లర్
1 ఫిబ్రవరి 2025

మామయ్యా,

పెరుగు మానేశాను. వెన్నెముక నిటారుగానే ఉంది. శ్వాస మీద దృష్టి పెడితే ఊపిరాడటం లేదనిపించి లేచి కిటికీ తెరుస్తున్నాను. బయోడేటా వెనకవైపు ఖాళీగా ఉంది కాబట్టి నా ధ్యానం డైరీ దాని మీదే రాసుకుంటున్నాను. శ్రీహర్ష గారికి ఆ మాత్రం ఉపయోగపడే యోగం ఉంది.

ఇక అసలు విషయం. కోపం తెచ్చుకోకుండా చదువు. ఆ ట్రీట్‌మెంట్‌లో ఇచ్చే మందు పేరు సైలోసైబిన్. కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో ఉంటుంది. వీళ్ళు ల్యాబ్‌లో తయారుచేసి క్యాప్సూల్‌లో ఇస్తారు, ఒక్కసారే. ఆరేడు గంటలు కళ్ళకు గంతలు కట్టుకుని సోఫాలో పడుకుంటాను. ఇద్దరు థెరపిస్టులు పక్కనే ఉంటారు. ఆ మందు పడ్డాక మనసులో అణిగి ఉన్నవన్నీ పైకొస్తాయట. వచ్చినదాన్ని చూసి పారిపోకుండా ఉండటం ధ్యానం వల్ల అలవాటవుతుందనీ, తర్వాత కూడా ధ్యానం కొనసాగిస్తే ఆ రోజు దొరికింది నిలుస్తుందనీ వీళ్ళ ఆశ. నిజమో కాదో చూడటానికే ఈ పరిశోధన. తగ్గుతుందని ఎవరూ మాటివ్వలేదు. నా పాత మందులు కూడా డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపించారు.

తేదీ మార్చి 14, శుక్రవారం. ఆ రోజు నన్ను ఇంటికి తీసుకెళ్ళి మర్నాటిదాకా దగ్గరుండటానికి ఒక మనిషి కావాలి. ఫిబ్రవరి 28 లోపల ఆ మనిషి పేరు ఇవ్వకపోతే నా చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. నువ్వు వస్తావా?

తోడు మనిషికి ఒక ఫారం ఉంది. అందులో ఇలా రాశారు: 'మొదటి ఇరవై నాలుగు గంటలు సలహా ఇవ్వకూడదు, సరిదిద్దకూడదు, ఏం కనిపించిందని అడగకూడదు.' చదవగానే నీ మొహం గుర్తొచ్చింది. నవ్వొచ్చినంత పనైంది మామయ్యా. రెండేళ్ళ తర్వాత.

శ్రీవల్లి


నోవై
8 ఫిబ్రవరి 2025

శ్రీవల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేక మడిచి పెట్టేశాను.

నువ్వు ధ్యానం చెప్పమంటే చెప్పాను. అది పుట్టగొడుగుల మత్తుకు సన్నాహమని నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నీ వీసా ఏమవుతుంది? రేపు ఏదైనా అయితే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలి? ధ్యానం చేసేవాళ్ళకు మందెందుకు, మందు మింగేవాళ్ళకు ధ్యానమెందుకు? రెండూ కలపడం నాకు మింగుడుపడటం లేదు. పద్నాలుగేళ్ళుగా ఒక పద్ధతి ప్రకారం చేస్తున్నవాణ్ణి. ఇందులో నేను పాలు పంచుకోలేను.

మీ అత్తయ్యకు చెబితే ఆమె సంగతి ఇంకోటి. మా ఇంట్లో పిజ్జా మీద పుట్టగొడుగు ఉన్నా ఏరి పారేస్తుందని నీకు తెలుసు కదా. "గవి కూర వండిస్తరా, వేపుడా?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

నేను రాను. ఆ పని మానుకుని నోవై రా. నీకు నయమయ్యేదాకా మేము చూసుకుంటాం.

మామయ్య


చాండ్లర్
14 ఫిబ్రవరి 2025

మామయ్యా,

వీసాకి ఏమీ కాదు. ఇది దొంగచాటు వ్యవహారం కాదు, ప్రభుత్వం అనుమతితో ఆస్పత్రిలో జరిగేది. ముందే చెప్పకపోవడం నా తప్పు. చెబితే ధ్యానం నేర్పవని భయపడ్డాను. ఇప్పుడు చూస్తే ఆ భయం సరైనదే.

నోవై వస్తే నన్ను బాగా చూసుకుంటారు. ఉదయం టిఫిన్, మధ్యాహ్నం సలహాలు, సాయంత్రం బయోడేటాలు. ఇది తప్పిపోతే నేను ఉద్యోగం వదిలేసి హన్మకొండ వెళ్ళిపోతాను. అమ్మ దగ్గర కూడా 'మంచిగున్న' అంటూ బతుకుతాను. అది నాకు వచ్చు. అదొక్కటే ఇప్పుడు బాగా వచ్చు.

స్మృతిని అడగలేను. ఆఫీసులో వాళ్ళకి చెప్పలేను. ఇంకా రెండు వారాలుంది, చూస్తాను.

మొదటి ఉత్తరంలో నిన్నొక ప్రశ్న అడిగాను. కళ్ళు మూసుకుంటే ఏం జరుగుతుందని. మాటల్లో చెప్పేది కాదన్నావు. ఏదో ఒకటి చెప్పి ఉంటే ఇక్కడ నేను అంత ఒంటరిగా కూర్చునేదాన్ని కాదు.

వల్లి


నోవై
24 ఫిబ్రవరి 2025
(ఎక్స్‌ప్రెస్ మెయిల్)

బిడ్డా,

ముందు ముఖ్యమైనది. ఆస్పత్రికి ఫోన్ చేసి ఫారం తెప్పించుకుని, నింపి నిన్ననే పంపాను. తోడు మనిషి: జితేందర్, మేనమామ. మార్చి 13 గురువారం సాయంత్రం ఫీనిక్స్‌లో దిగుతాను. ఆ నర్సును నలభై నిమిషాలు ప్రశ్నలడిగాను, పాపం అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. కళ్ళు మూసుకుంటే నాకు నిద్ర వస్తుంది.

నవ్వకు. లేదు, నవ్వు, నవ్వితే మంచిదే. పద్నాలుగేళ్ళ కిందట క్లాసు చెప్పే ఆయన కాలిఫోర్నియా వెళ్ళిపోతే, నా గొంతు గంభీరంగా ఉంటుందని కమిటీవాళ్ళు నన్ను కూర్చోబెట్టారు. మొదటి వారం "గాలి పీల్చండి, వదలండి" అన్నాను, కళ్ళు మూశాను. మెలకువ వచ్చేసరికి ఫోన్‌లో గంట మోగుతోంది. అందరూ "ఎంత చక్కటి నిశ్శబ్దం సార్" అన్నారు. అప్పుడు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒప్పుకునే వారం ఎప్పుడూ రాలేదు. నీకు రాసిన పెరుగూ వెన్నెముకా అన్నీ పాతాయన వదిలేసి వెళ్ళిన నోట్సులోవి. నా మేనకోడలికి నిజంగా అవసరం వచ్చినరోజు నా చేతిలో ఇవ్వడానికేమీ లేదని సిగ్గేసింది. ఆ సిగ్గునే కోపంగా మార్చి నీ మీద చూపించాను. తప్పు నాది బిడ్డా.

నీ రెండో ఉత్తరం వచ్చిన రోజునుంచీ, నాకు నిజంగా ఏదైనా వచ్చా అని వెతుక్కుంటున్నాను. ఒకటి దొరికింది. ముప్పై ఒక్క ఏళ్ళు నా ఉద్యోగమేంటో తెలుసు కదా, కొత్త కార్లలో టకటకలూ కీచుమనే చప్పుళ్ళూ వెతకడం. గతుకుల రోడ్డు మీద డ్రైవరు నడుపుతుంటే నేను వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. కొత్తగా చేరిన ఇంజనీర్లు చప్పుడు వినగానే 'తలుపు' అనో 'సీటు' అనో అనేస్తారు. ఒకసారి తలుపు అన్నాక వాళ్ళకు ఎటు విన్నా తలుపే వినిపిస్తుంది. నేను పేరు పెట్టేవాణ్ణి కాదు. వస్తే రానిచ్చేవాణ్ణి, ఆగితే ఆగనిచ్చేవాణ్ణి. విసుక్కోకుండా వింటూ ఉంటే కాసేపటికి అది ఎక్కడుందో అదే చెప్పేది. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు ఒక్కసారీ నిద్ర రాలేదు.

ఇది ధ్యానమో కాదో నాకు తెలియదు. నాకు వచ్చింది ఇంతే. మోకాలిని ప్రేమించకు. నీ ఇంట్లో ఏదో చప్పుడు ఉంటుంది కదా, దాన్ని పేరు పెట్టకుండా విను.

సలహా ఇవ్వకుండా ఉండటం మీ అత్తయ్య దగ్గర సాధన చేస్తున్నాను. నిన్న నలభై నిమిషాలు ఉండగలిగాను. ఆమె పప్పుచారులో ఇంగువ వేయడం మర్చిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. చాలా కష్టమైంది.

మామయ్య


చాండ్లర్
4 మార్చి 2025

మామయ్యా,

నవ్వాను. గట్టిగానే. పై ఇంటివాళ్ళకు వినిపించి ఉంటుంది. పద్నాలుగేళ్ళా! ఆ బేస్‌మెంట్‌లో ఎవరైనా మెలకువగా ఉన్నారా అసలు?

మా ఫ్రిజ్‌తో మొదలుపెట్టాను. మొదటిరోజు అది ఫ్రిజ్‌లాగే ఉంది. మూడోరోజు దానిలో రెండు చప్పుళ్ళున్నాయని తెలిసింది, ఒకటి సన్నగా ఒకటి లావుగా. అయిదోరోజు ఇరవై నిమిషాలు గడిచిపోయాయి, కిటికీ తెరవాల్సిన పని రాలేదు. థెరపిస్టుకి నీ పద్ధతి చెప్పాను. 'పేరు పెట్టకుండా విను' అన్నది ఆమె తన పుస్తకంలో రాసుకుంది. నీ నిద్ర సంగతి చెప్పలేదు, పరువు కాపాడాను.

భయంగా ఉంది. పనిచేయకపోతే ఎలా అని ఒక భయం, పనిచేస్తే ఏం చేయాలో తెలియదని ఇంకో భయం. ఆ రోజు పొద్దున కొంచెమే తినాలట. అత్తయ్యతో చెప్పు, డబ్బాలు డబ్బాలు పంపొద్దని. కూరా వేపుడూ కాదు, మాత్ర అని కూడా చెప్పు.

నలభై నిమిషాలకే కష్టమైందన్నావు. ఇరవై నాలుగు గంటలు ఉండగలవా?

వల్లి


నోవై
20 మార్చి 2025

బిడ్డా,

క్షేమంగా ఇల్లు చేరాను. పక్కనే ఉండి కూడా చెప్పడానికి వీలులేకపోయిన సంగతులు కొన్నున్నాయి, అవి రాస్తున్నాను.

గురువారం ఎయిర్‌పోర్ట్ నుంచి నువ్వు డ్రైవ్ చేస్తుంటే మొదటి మలుపులోనే విన్నాను. టకటక. కుడివైపు, డ్యాష్‌బోర్డు లోపల, చిన్న గట్టి వస్తువు. నా నాలుక చివరిదాకా వచ్చింది. మర్నాడు నీకు అంత పెద్ద రోజు, ఇప్పుడు కారు గొడవ ఎందుకని మింగేశాను.

శుక్రవారం తొమ్మిదింటికి నిన్ను లోపలికి తీసుకెళ్ళారు. వెయిటింగ్ రూంలో ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నాను. నాలుగున్నరకు నువ్వు బయటికొచ్చావు. కళ్ళు వాచి ఉన్నాయి, మొహం మాత్రం చిన్నప్పటిది. ఏం జరిగిందని అడగాలని ప్రాణం కొట్టుకులాడింది. "పోదామా బిడ్డా" అన్నాను. సరిగ్గా అయిదింటికి సంతకం పెట్టించుకుని పంపారు, నా ఇరవై నాలుగు గంటల లెక్క అప్పటినుంచే. ఇంటికి వెళ్ళేటప్పుడు నేను నడుపుతున్నాను, నువ్వు పక్కన కళ్ళు మూసుకున్నావు, ఆ టకటక దారి పొడుగునా మోగుతూనే ఉంది. ఇంట్లో నువ్వు చన్నీళ్ళతో పెరుగన్నం కలుపుకున్నావు. రాత్రి పెరుగు వద్దని నేనే రాశాను, అయినా కిక్కురుమనలేదు.

శనివారం పొద్దున థెరపిస్టు దగ్గరికి వెళ్తూ రెండో సిగ్నల్ దగ్గర నువ్వు తల పక్కకు వంచావు.

"మామయ్యా, ఏందో టకటక ఇనవడ్తుంది."

నేను స్టీరింగ్ పట్టుకుని సిగ్నల్ వైపే చూస్తున్నాను.

"నీకు ఇనవడ్తలేదా? నీకే ఇనవడకపోతే ఎట్ల?"

"ఇది చెప్తే సలహా కిందికొస్తదా బిడ్డా?"

"సలహా కాదు, జవాబు. చెప్పు!"

"ఇనవడ్తుంది" అన్నాను. అంతకంటే ఒక్కమాట ఎక్కువ చెప్పలేదు. అప్పుడు నీ మొహం కిటికీ వైపు ఉంది, నా కళ్ళలో నీళ్ళు నువ్వు చూడలేదు. ఆ సాయంత్రం అయిదు దాటాక ఒక్క నిమిషానికి స్క్రూడ్రైవర్ ఎందుకు తీశానో ఇప్పుడు అర్థమైందా? గాలి వచ్చే సందులోంచి ఆ గవ్వ నా అరచేతిలో పడ్డప్పుడు నువ్వు చిన్నపిల్లలా ఎగిరావు. దాని సంగతి నీ మొదటి ఉత్తరంలో చదివాను కాబట్టి నేనూ ఎగిరేవాణ్ణే, మోకాళ్ళు ఒప్పుకోలేదు.

నిన్నటి క్లాసులో నిజం చెప్పేశాను. ఈ వారం గుడివాళ్ళు శనివారం బేస్‌మెంట్‌ను వంటవాళ్ళకు ఇచ్చేసి మమ్మల్ని బుధవారానికి మార్చారు. "నేను ఇన్నేళ్ళూ నిద్రపోయాను, క్షమించండి" అన్నాను. బ్రహ్మయ్యగారు "మాకు తెలుసు సార్, గురక పెడతారు కదా" అన్నారు. ఆ గురక వినబట్టే తమకు మనసు నెమ్మదిస్తుందట. మానేయొద్దన్నారు. నేను మానేయలేదు గానీ, ఇకనుంచి హీటర్ చప్పుడు వింటున్నాం.

ఏం కనిపించిందో చెప్పాలనిపిస్తే రాయి. లేకపోతే వద్దు. మీ అమ్మకు చెప్పమని ఒక సలహా ఉంది, గడువు దాటింది కాబట్టి ఇస్తున్నాను.

మామయ్య


చాండ్లర్
29 మార్చి 2025

మామయ్యా,

నిన్న అమ్మకి చెప్పాను, మొత్తం. ముందు ఏడ్చింది, తర్వాత నీ మీద కోప్పడింది. ఒకటి రెండు రోజుల్లో నీకు ఫోన్ వస్తుంది, సిద్ధంగా ఉండు.

ఏం కనిపించిందంటే, పెద్దగా ఏమీ కనిపించలేదు. మొదట లోపలి నుంచి ఏదో భయంకరమైన రొద. ఇది నా ఒంటరితనం, ఇది నా చేతకానితనం అని పేర్లు నోటిదాకా వచ్చాయి. నువ్వు వెనక సీట్లో కూర్చున్నట్టే అనిపించింది. పేరు పెట్టలేదు, విన్నాను. ఎంతసేపో తెలియదు. అది రొద కాదు, రెండేళ్ళుగా రాని ఏడుపు. మూడు గంటలు ఏడ్చానట. తర్వాత కాసేపు పడీ పడీ నవ్వానట, ఎందుకని అడిగితే "నా మోకాలు ఎంత మంచిదో" అన్నానట. పరిచయమైంది చివరికి.

అంతా బాగైపోలేదు. మొన్న మంగళవారం మళ్ళీ పాతలాగే గడిచింది, మంచం దిగబుద్ధి కాలేదు. అలాంటి రోజులు ఉంటాయని డాక్టరు ముందే చెప్పారు. రోజూ ఇరవై నిమిషాలు ఫ్రిజ్ దగ్గర కూర్చుంటున్నాను. బుధవారం పప్పన్నంలో ఉప్పు ఎక్కువైందని తెలిసింది. ఎంత సంతోషమేసిందో, ఆ ఉప్పన్నం అంతా తిన్నాను.

గవ్వ ఫొటో స్మృతికి పంపాను. అయిదు నిమిషాల్లో ఫోన్ చేసింది. 'నీ కారులో దొరికింది కాబట్టి నువ్వే పోగొట్టావు' అని మొదలుపెట్టింది. గంటన్నర పోట్లాడుకున్నాం. వచ్చే నెల వస్తోంది, ఆట ఆడటానికి.

ఆ గవ్వ పోయింది మేము గ్రాండ్ కాన్యన్ వెళ్ళిన వారంలో. అంటే రెండేళ్ళుగా అది అక్కడే మోగుతోంది మామయ్యా. నేను రోజూ ఆ కారులోనే ఆఫీసుకి వెళ్ళొచ్చాను, ఒక్కసారి కూడా వినలేదు. ఆ శనివారం రెండో సిగ్నల్ దగ్గర, ఈ కారుకి ఇవాళే ఏదో అయిందనుకున్నాను.

వల్లి